మూసీ చేపను కోసి చూసేది ఎవరు?

2024 సెప్టెంబర్‌లో హైదరాబాద్‌లో మూసీ ఒడ్డున ఇళ్ల గోడల మీద ఎర్ర గుర్తులు పడ్డాయి. అప్పటి నుంచి మూసీ ముచ్చట ఆగలేదు. లక్షన్నర కోట్ల ప్రాజెక్టు అన్నారు. అంత డబ్బు ఎందుకన్నారు. ఇళ్లు పోయినవాళ్లకు డబుల్ బెడ్‌రూం ఇళ్లు ఇస్తామన్నారు. ఆ ఏడాది నవంబర్ 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి యాదాద్రి భువనగిరి జిల్లా సంగెం దగ్గర మూసీ వెంట పాదయాత్ర చేశారు. నల్గొండ పల్లెల గోస కూడా ఆ రోజు ఉపన్యాసాల్లోకి వచ్చింది.

ఇంత చర్చలో నీళ్ల రంగు ఉంది, వాసన ఉంది, ఒడ్డున కట్టబోయే రోడ్లున్నాయి. చేప మాత్రం లేదు.

చేప సంగతి ఎందుకంటే, హైదరాబాద్ దాటాక మూసీ ఆగిపోదు. కత్వల మీదుగా, చెరువుల్లోంచి, మూసీ ప్రాజెక్టులోంచి పారి నల్గొండ జిల్లా వాడపల్లి దగ్గర కృష్ణలో కలుస్తుంది. ఆ దారి పొడుగునా మనుషులు చేపలు పడుతున్నారు, తింటున్నారు. మత్స్య సొసైటీల్లో సభ్యత్వం ఎక్కువగా ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాలది. వాళ్లు వలలేసి పడతారు. ఆ హక్కు లేని మాల, మాదిగ వాడల వాళ్లు కాలువల్లో, పొలం గట్ల దగ్గర దొరికే పరకలు, ఎండ్రకాయలు, నత్తలు, ఆల్చిప్పలు ఏరుకుంటారు. మాలో చాలామందిమి ఆ పులుసు తిని పెరిగినవాళ్లమే. ఆ తిండికి తూకం ఉండదు, బిల్లు ఉండదు. అందుకే అది లెక్కల్లోకి ఎక్కదు.

మేము చెప్పదలుచుకున్నది ఒక్కటే. నది కాలుష్యాన్ని ఎవరి కంచాన్ని బట్టి కొలుస్తున్నారన్నది సైన్సు ప్రశ్న మాత్రమే కాదు. అది కులం ప్రశ్న కూడా.

నీళ్లు మరిచిపోతాయి, మాంసం మరిచిపోదు

నది నీళ్లను సీసాలో పట్టి పరీక్షిస్తే ఆ నిమిషంలో అక్కడ ఏముందో తెలుస్తుంది. ఫ్యాక్టరీ రాత్రి రెండు గంటలకు వదిలి, అధికారి మర్నాడు పదకొండు గంటలకు వస్తే సీసాలో ఏమీ చిక్కదు. పాదరసం, డీడీటీ లాంటివి నీళ్లలో ఎంత తక్కువగా ఉంటాయంటే మామూలు పరీక్షలకు అందవు. కాని అవే చేప కండలోకి, కొవ్వులోకి చేరి ఏళ్ల తరబడి పోగవుతాయి. చిన్న చేపను పెద్ద చేప తింటుంది, పెద్ద చేపను మనిషి తింటాడు. మెట్టు ఎక్కినకొద్దీ విషం చిక్కబడుతుంది.

ఆల్చిప్ప తీరు వేరు. అది ఉన్నచోటు వదిలి పెద్దగా కదలదు. రోజుకు పదుల లీటర్ల నీళ్లను తనలోంచి పోనిచ్చి, అందులోని నాచు రేణువులను వడగట్టుకుని తింటుంది. నీళ్లతో వచ్చిన సీసం, కాడ్మియం కూడా అలాగే దాని ఒంట్లో మిగిలిపోతాయి. నూనెల నుంచి, పొగ మసి నుంచి వచ్చే కొన్ని రసాయనాలను చేప కాలేయం త్వరగా విరగ్గొట్టి బయటికి పంపేస్తుంది. ఆల్చిప్పకు ఆ శక్తి చాలా తక్కువ, కాబట్టి దాచుకుంటుంది. చేప తిరుగుతుంది గనుక ఒక పెద్ద పాయ సంగతి చెబుతుంది. ఆల్చిప్ప ఆ ఒక్క రేవు సంగతి చెబుతుంది. పెద్ద నదిని కొలవాలంటే రెండూ కావాలి.

ఇది కొత్త సంగతి కాదు. సముద్ర తీరాల కాలుష్యాన్ని ఆల్చిప్పలతో కనిపెట్టి ఉండాలని ఎడ్వర్డ్ గోల్డ్‌బర్గ్ అనే శాస్త్రవేత్త 1975లోనే ప్రతిపాదించాడు. దానికి 'మసెల్ వాచ్' అని పేరొచ్చింది. అమెరికా 1986 నుంచి దాన్ని దేశవ్యాప్తంగా నడుపుతోంది. జర్మనీ రైన్, ఎల్బే లాంటి నదుల నుంచి చేపలను, జీబ్రా మసెల్స్ అనే చిన్న ఆల్చిప్పలను తెచ్చి, పొడి చేసి, ద్రవ నైట్రోజన్ చలిలో భద్రపరుస్తోంది. రేపు ఏదైనా కొత్త రసాయనం మీద అనుమానం వస్తే పాత చేపను తీసి పరీక్షించవచ్చు. యూరోపియన్ యూనియన్ నిబంధనల్లో పాదరసానికి నీళ్లలోనే కాదు, చేప మాంసంలో కూడా పరిమితి ఉంది: కిలోకు 20 మైక్రోగ్రాములు. చేపలు తినే పక్షులు, జంతువులు బతకాలని పెట్టిన పరిమితి అది.

పద్ధతి కూడా బ్రహ్మవిద్యేమీ కాదు. శుభ్రమైన చెరువు నుంచి ఒకే సైజు ఆల్చిప్పలను తెచ్చి, వల బుట్టల్లో పెట్టి, అనుమానం ఉన్న కాలువ నదిలో కలిసే చోటుకు పైన కొన్ని, కింద కొన్ని వేలాడదీస్తారు. కొన్ని వారాల తర్వాత తీసి మాంసాన్ని పరీక్షిస్తారు. పైబుట్టలో లేనిది కింది బుట్టలో కనబడితే ఆ కాలువను నిలదీయవచ్చు. పురుగుమందుల దెబ్బ తగిలిన చేపకు మెదడులో ఒక ఎంజైమ్ తగ్గిపోతుంది. హార్మోన్ల లాంటి రసాయనాలు కలిసిన నీళ్లలో మగచేప రక్తంలో గుడ్డుకు కావలసిన ప్రోటీన్ కనబడుతుంది. చేప చచ్చేదాకా ఆగక్కర్లేదు. ఒంట్లో జరిగే మార్పు ముందే చెబుతుంది.

'డి' తరగతి చెప్పే సగం నిజం

మన దగ్గర నదిని ఎలా కొలుస్తున్నారు? కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2018లో దేశంలో 323 నదుల మీద 351 కలుషిత పాయలను గుర్తించింది. దానికి పెట్టుకున్న కొలమానం బీఓడీ. నీళ్లలోని మురుగును కుళ్లబెట్టడానికి సూక్ష్మజీవులకు ఎంత ఆక్సిజన్ కావాలో అది చెబుతుంది. లీటరుకు 3 మిల్లీగ్రాములు దాటితే కలుషితం, 30 దాటితే మొదటి ప్రాధాన్యం. మూసీ ఆ మొదటి వరుసలోనే ఉంది. మలమూత్రాల మురుగును పట్టుకోవడానికి బీఓడీ మంచి పరీక్షే. పాదరసాన్ని, పురుగుమందును, మందుల ఫ్యాక్టరీ రసాయనాన్ని అది పట్టుకోలేదు.

నీటి వాడకాన్ని బట్టి అదే మండలి ఏ, బీ, సీ, డీ, ఈ అని ఐదు తరగతులు పెట్టింది. 'డి' తరగతి చేపలకు, వన్యప్రాణులకు పనికొచ్చే నీళ్లు. దానికి మూడే షరతులు: కరిగిన ఆక్సిజన్ లీటరుకు 4 మిల్లీగ్రాములకు తగ్గకూడదు, పీహెచ్ 6.5 నుంచి 8.5 మధ్య ఉండాలి, స్వేచ్ఛా అమోనియా 1.2 మిల్లీగ్రాములు దాటకూడదు. అంటే చేపకు ఊపిరి ఆడుతుందా, లేదా అన్నదే అక్కడి ప్రశ్న. ఆ చేపను తిన్న మనిషి ఏమవుతాడన్నది అందులో లేదు.

చచ్చిన చేప వార్త అవుతుంది. సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో 2017లో చేపలు కుప్పలుగా చచ్చి తేలితే పత్రికలు ఫొటోలు వేశాయి. విషం ఒంట్లో పెట్టుకుని బతికే చేప వార్త కాదు. అది మార్కెట్‌కు పోతుంది, వాడకు వస్తుంది.

హైదరాబాద్ చుట్టూ ఈ ప్రశ్న ఇంకా బరువైనది. పటాన్‌చెరు ప్రాంతంలో దాదాపు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థ జలాలు చేరే ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికి వచ్చిన నీళ్లను స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వాడే రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. శుద్ధి అయిన నీళ్లలో సంగతి అది! 2009లో అదే నీటిని 500 రెట్లు పలచబరిచి కప్పపిల్లలను అందులో పెంచి చూస్తే వాటి ఎదుగుదల 40 శాతం తగ్గింది. ఆ వ్యర్థాలు మొదట నక్కవాగు మీదుగా మంజీరలోకి, అక్కడి నుంచి గోదావరి వైపు పోయేవి. గొడవలు, కేసులు పెరిగాక 18 కిలోమీటర్ల పైప్‌లైన్ వేసి హైదరాబాద్ డ్రైనేజీలో కలిపి అంబర్‌పేట శుద్ధి కేంద్రానికి, అంటే మూసీకి మళ్లించారు. గోదావరి వైపు పోయే విషం కృష్ణ వైపు తిరిగింది. ఒక వాడ నుంచి ఇంకో వాడకు.

ఇక్కడొక మాట ఒప్పుకోవాలి. చాలా యాంటీబయాటిక్స్ పాదరసంలా కొవ్వులోనో కండలోనో ఏళ్లకు ఏళ్లు పోగుపడవు. మాంసంలో దొరకలేదంటే నదిలో లేవని కాదు. వాటికి చేప ఒంట్లోని మార్పులను, నీళ్లలో, బురదలో మందుకు లొంగని బ్యాక్టీరియాను కూడా చూడాలి. నగరంలోని పాయల్లో ఆక్సిజన్ పడిపోతే ఆల్చిప్ప పెంకులు మూసుకుని చచ్చిపోతుంది. అది చావడమూ ఒక జవాబే. మొత్తం జబ్బును ఒక్క పరీక్ష పట్టుకోదు. అలాగని అసలు చూడకుండా ఉండటానికి అది సాకు కాకూడదు.

కొలంబియా నది దగ్గర జరిగిన లెక్క

ఎవరి కంచం అనే ప్రశ్నకు జవాబు అమెరికాలోని కొలంబియా నది దగ్గర దొరుకుతుంది. ఆ నది మీద యాకమా, నెజ్ పెర్స్, యుమటిల్లా, వార్మ్ స్ప్రింగ్స్ తెగల ఆదివాసులు తరతరాలుగా చేపలు పట్టుకుని బతికారు. 1855 ఒప్పందాల్లో భూములు పోగొట్టుకున్నా చేపల హక్కు నిలుపుకున్నారు. వాళ్ల పెద్ద చేపల రేవు సెలైలో జలపాతం 1957లో డ్యాం కింద మునిగిపోయింది.

నీళ్లలో ఏ రసాయనం ఎంత ఉండవచ్చో నిర్ణయించేటప్పుడు ప్రభుత్వం ఒక అంచనా వేసుకుంటుంది: మనిషి రోజుకు ఎంత చేప తింటాడు? తక్కువ తింటాడనుకుంటే నీళ్లలో విషం ఎక్కువ ఉన్నా పరవాలేదని లెక్క తేలుతుంది. అమెరికా పర్యావరణ సంస్థ వాడిన సంఖ్య రోజుకు 6.5 గ్రాములు. నెలకు 200 గ్రాములు కూడా కాదు. ఆ నాలుగు తెగలు కలిసి పెట్టుకున్న మత్స్య కమిషన్ తన మనుషుల మధ్య తానే సర్వే చేసి 1994లో ఫలితాలు బయటపెట్టింది. వాళ్ల పెద్దలు సగటున రోజుకు 58.7 గ్రాములు తింటున్నారు. ప్రభుత్వ లెక్కకు తొమ్మిది రెట్లు.

ఆ ఒక్క సంఖ్యతో వాదన తిరగబడింది. పర్యావరణ సంస్థ తెగలతో కలిసి ఆ నదీ ప్రాంతపు చేపలను పట్టి పరీక్షించింది. 2002లో వచ్చిన నివేదికలో 92 రకాల రసాయనాలు చేపల్లో దొరికాయి. చివరికి 2011లో ఒరెగాన్ రాష్ట్రం తన నీటి ప్రమాణాలను రోజుకు 175 గ్రాముల చేప తినే మనిషిని బట్టి మార్చుకుంది. నది అదే, రసాయనాలు అవే. లెక్కలోకి వచ్చిన మనిషి మారాడు. అంతే తేడా.

అదే నది మీద బోనెవిల్ డ్యాం దగ్గర బ్రాడ్‌ఫర్డ్ దీవి ఉంది. డ్యాం నడిపే అమెరికా సైన్యపు ఇంజనీరింగ్ విభాగం పాత కరెంటు సామాను నదిలో పారేయడంతో ట్రాన్స్‌ఫార్మర్ నూనెల్లో వాడే పాలీక్లోరినేటెడ్ బైఫినైల్స్ బురదలో కలిశాయి. 2007లో బురద తీసేశారు. కాని 2011లో అక్కడి చేపలను పట్టి చూస్తే ఆ రసాయనాలు తగ్గకపోగా పెరిగాయి. కాగితాల మీద పని అయిపోయింది, చేప మాత్రం ఒప్పుకోలేదు. 2022లో ఆ చోటును దేశంలోని అతి ప్రమాదకర కలుషిత స్థలాల జాబితాలో చేర్చారు. మూసీలో పూడిక తీసి, ఒడ్డుకు టైల్స్ వేసి, దీపాలు పెట్టి 'శుభ్రమైంది' అని ప్రకటించే రోజు వస్తే ఆ మాటను ఎవరు సరిచూస్తారు?

యూరప్ కంచానికి ఒక కొలత, వాడ కంచానికి ఒకటి

మనకు పరీక్షలు చేయడం చేతకాదనుకుంటే పొరపాటు. ఆంధ్ర కోస్తా నుంచి యూరప్‌కు పోయే రొయ్యల్లో యాంటీబయాటిక్ అవశేషాలు చూడటానికి ప్రత్యేక ప్రణాళిక ఉంది, ప్రయోగశాలలున్నాయి, భీమవరం, నెల్లూరు లాంటి చోట్ల మనుషులున్నారు. 2016 నుంచి యూరోపియన్ యూనియన్ భారత్ నుంచి వచ్చే చెరువు రొయ్యల సరుకులో సగానికి సగం తానూ పరీక్షిస్తానంది. ఒక కంటైనర్ వెనక్కి వస్తే ఇక్కడ రైతు నుంచి మంత్రి దాకా అందరికీ తెలుస్తుంది.

అంటే పరికరం ఉంది, నైపుణ్యం ఉంది. తినేవాడు ఎవరన్నదాన్ని బట్టి అది పనిచేస్తుంది. బ్రస్సెల్స్‌లో తినే రొయ్యకు ఉన్న విలువ, వలిగొండలో మాదిగ తల్లి వండే పరకలకు లేదు.

ఇంకో తేడా ఉంది. చేపల్ని పరీక్షించినప్పుడు చాలాసార్లు ముళ్లు, పొట్ట తీసేసిన కండ ముక్కనే చూస్తారు. మన ఇళ్లలో చిన్న చేపను తలకాయతో సహా తింటారు. నత్తను, ఆల్చిప్పను పేగులతో సహా వండుతారు. కాడ్మియం లాంటి లోహాలు ఎక్కువగా చేరేది కండలోకి కాదు, కాలేయంలోకి, మూత్రపిండాల్లోకి. కండ ముక్క 'సురక్షితం' అని తేలినా మన గిన్నెలోని పులుసు సంగతి తేలినట్టు కాదు. గర్భిణులకు, పసిపిల్లలకు ఇది మరీ ముఖ్యం. పాదరసం, సీసం ముందుగా దెబ్బకొట్టేది ఎదిగే మెదడునే. జపాన్‌లో అగనో నది చేపలు తిన్న పల్లెల్లో 1965లో పాదరసపు జబ్బు బయటపడింది. అక్కడ చేపను ముందే కోసి చూడలేదు, చివరికి మనుషులే కొలత పరికరాలయ్యారు.

'తినొద్దు' అనే బోర్డు

పరీక్షలు చేస్తే ఏమవుతుందో కూడా మాకు తెలుసు. 'ఈ చేపలు తినరాదు' అని ఒక బోర్డు పాతి ప్రభుత్వం చేతులు దులుపుకోవచ్చు. విషం వదిలినవాడికి శిక్ష లేదు, తినేవాడికి ఆంక్ష. నీళ్లు ముట్టొద్దన్న సమాజం కొత్త భాషలో చేప ముట్టొద్దంటుంది. అమెరికా, కెనడా సరిహద్దులో సెయింట్ లారెన్స్ నది ఒడ్డున ఆక్వెసస్నే మొహాక్ ఆదివాసులకు ఇదే జరిగింది. తల్లిపాలలో పారిశ్రామిక రసాయనాలు ఉన్నాయని తెలిసి స్త్రీలు చేప మానేశారు. పాలలో విషం తగ్గింది. దాంతోపాటే తిండి, వృత్తి, నదితో ఉన్న బంధమూ తగ్గిపోయాయి.

మనకు నీళ్ల చరిత్ర ఎవరూ నేర్పక్కర్లేదు. 1927 మార్చి 20న మహాద్‌లో బాబాసాహెబ్ అంబేద్కర్ చవదార్ చెరువు నీళ్లు తాగింది నీళ్ల మీద హక్కు కోసం. 1985 జూలై 16న కారంచేడులో మాదిగలు మంచినీళ్లు పట్టుకునే చెరువు దగ్గర గేదెల కుడితి బకెట్ కడుగుతుంటే ఒక యువకుడు అడ్డుచెప్పాడు. మున్నంగి సువార్త బిందె ఎత్తి ఎదురు తిరిగింది. మరునాటి దాడిలో ఆరుగురు మాదిగలను చంపేశారు. ఆ గొడవ మొదలైంది కాలుష్యం దగ్గరే. అలాంటి దారుణాల తర్వాత 1989లో వచ్చిన అట్రాసిటీ చట్టంలో ఒక నిబంధన ఉంది: ఎస్సీ, ఎస్టీలు మామూలుగా వాడుకునే నీటి వనరును పాడుచేసి, ఆ వాడకానికి పనికిరాకుండా చేయడం నేరం. నదిలో చేప, నత్త ఏరుకోవడం కూడా వాడకమే కదా. కుడితి బకెట్ కళ్లకు కనబడుతుంది. లీటరులో మైక్రోగ్రాముల విషం కనబడదు. దాన్ని రుజువు చేసే సాక్షి చేప, ఆల్చిప్ప.

1999లో హిమాయత్‌సాగర్, ఉస్మాన్‌సాగర్ జలాశయాల మీద వచ్చిన నాయుడు కేసులో సుప్రీంకోర్టు, హాని జరగదని రుజువు చేసుకోవలసిన బాధ్యత పరిశ్రమదే అంది. ఆ తీర్పు పుట్టింది మూసీ పరివాహకంలోనే. దాన్ని మూసీ దిగువకు కూడా తేవాలి.

మేము అడిగేది

మొదటిది, తిండి సర్వే. మూసీ, కృష్ణ ఒడ్డు ఊళ్లలో ఏ వాడ వాళ్లు ఏ చేప, ఏ నత్త, ఎంత, ఏ భాగాలతో సహా, ఏ కాలంలో తింటున్నారో రాయాలి. కొలంబియా తెగల్లాగే ఆ లెక్కను తినేవాళ్లే రాయాలి. చదువుకున్న మన పిల్లలు ప్రతి మండలంలో ఉన్నారు.

రెండోది, ఉస్మాన్‌సాగర్ నుంచి వాడపల్లి దాకా ఏటా ఒకే చోట్ల, ఒకే రకం చేపలను, బుట్టల్లో పెట్టిన ఆల్చిప్పలను పరీక్షించాలి. వాటిలో కొంత భాగాన్ని విశ్వవిద్యాలయాల్లో భద్రపరచాలి. పరీక్షించేది జనం తినే భాగాలనే. లక్షన్నర కోట్ల మాట వినబడిన చోట దీనికయ్యే ఖర్చు లెక్కలోది కాదు.

మూడోది, ఫలితాలు తెలుగులో, గ్రామ పంచాయతీ గోడ మీద రావాలి. విషం దొరికితే మొదటి నోటీసు ఫ్యాక్టరీకి పోవాలి. తినడం మానాల్సి వచ్చినవాళ్లకు, పట్టడం మానాల్సి వచ్చినవాళ్లకు నష్టపరిహారం అదే కాగితం మీద ఉండాలి. సొసైటీ సభ్యులకే కాదు, సభ్యత్వం లేకుండా ఏరుకుని తినేవాళ్లకూ.

మూసీని బాగుచేస్తామనే ప్రభుత్వాన్ని మేము కాదనడం లేదు. బాగైందో లేదో చెప్పాల్సింది ఒడ్డున వెలిగే దీపాలు కావని మాత్రమే అంటున్నాం. చేపను కోసి చూడండి. కోసేటప్పుడు మా గిన్నెలో పడేదాన్నే కోయండి, తలకాయతో, పొట్టతో, ముల్లుతో సహా.